గులాబీ మీద నూగు

పిన్ని గులాబీ కుండీ ముందు కూర్చుని, కణుపు మీది తెల్లటి నూగును గోటితో గీకింది. వేలికి జిగటగా తడి అంటుకుంది. దూదిని చిదిమితే తడి రాదు.

"పురుగే" అంది. "ఇన్నాళ్ళూ దూదనుకున్నాను."

పిన్ని దర్జీ. ఆమె కుట్టుమిషను బాల్కనీ తలుపు పక్కనే ఉంటుంది. కత్తిరించిన గుడ్డల నూగు గాలికి లేచి కుండీల మీద వాలడం ఆ ఇంట్లో మామూలే. అందుకే కొమ్మల మీద తెల్లగా కనిపించినా ఊరుకుంది. ఇప్పుడు గులాబీలూ మిరప మొక్కా పిండి చల్లినట్టున్నాయి. ఆకులు బంకబంకగా మెరుస్తున్నాయి. ఆ తీపికి చీమలు బారులు కట్టాయి.

పిన్ని అక్క కూతురు గుమ్మంలో నిలబడి వింటోంది. ఉద్యోగం కోసం వచ్చి ఆ ఇంట్లోనే ఉంటున్న ఆ పిల్లని పిన్ని నత్త అని పిలుస్తుంది. "అందరిళ్ళలో నత్తలు ఆకులు తింటాయి, మా నత్త మాటలు మింగుతుంది" అని బట్టలు కుట్టించుకునేవాళ్ళతో చెప్పి నవ్వుతుంది.

ఈసారి మింగిన మాట గొంతు దిగలేదు.

ఆఫీసులో ఎవరో వదిలేసిన మందార మొక్కను ఇంటికి తెచ్చింది తనే. పిండినల్లి అనే ఈ తెల్లపురుగు పట్టిన కొమ్మలు కత్తిరించి, మిగతా మొక్కను సబ్బునీళ్ళతో కడిగి తన గది కిటికీలో పెట్టుకుంది. కత్తిరించినవి చెత్తబుట్టలో వేస్తే పిన్నికి కోపం. "మొక్కది మట్టికే" అంటుంది. ఏది కత్తిరించినా ముక్కలు చేసి కుండీల్లో పరుస్తుంది. నత్తా అలాగే పరిచింది. కొమ్మలు ఎండితే పురుగులూ చస్తాయనుకుంది. అవేమో ఎండుకొమ్మ దిగి పచ్చకొమ్మ ఎక్కాయి.

అంతవరకూ పొరపాటే. ఆ తర్వాత ఒకరోజు పిన్ని గులాబీని చూపించి "చూశావా, నూగు ఇక్కడిదాకా ఎగిరింది" అంటే, నత్త "ఊఁ" అంది. అదే ఇప్పుడు మనసును తొలిచేస్తోంది.

బాబాయి టీ కప్పుతో వచ్చి తొంగిచూశాడు. "మొక్కలకి కూడా లేసు కుట్టావేంటి?"

పిన్ని నవ్వలేదు. లోపలికి వెళ్ళి, బల్ల మీద పరిచిన పెళ్ళిబట్టను మడతపెట్టి సంచిలో పెట్టింది.

"ఇచ్చేస్తాను" అంది. "పురుగుకీ దూదికీ తేడా తెలియని కళ్ళతో పూసలపని ఏం చేస్తాను? ఒకరి పెళ్ళిబట్ట పాడుచేసే ముందే మానుకోవడం నయం. మిషను ఎవరికైనా పనికొస్తుంది."

"అద్దాలు మార్పించుకో" అన్నాడు బాబాయి.

"మొన్ననేగా మార్పించాను."

నత్త తన గదిలోకి వెళ్ళి మందారం కుండీ తెచ్చి పిన్ని ముందు పెట్టింది.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి పిన్నీ. దీని కొమ్మలే నీ కుండీల్లో వేశాను. మొదట నేనూ దూదే అనుకున్నాను. మా ఆఫీసులో దూదెక్కడిదని దగ్గరగా చూస్తే కదిలింది. నీకైతే మిషను పక్కనే ఉంది, అనుమానం ఎందుకొస్తుంది?"

పిన్ని మందారాన్ని తిప్పి చూసింది. శుభ్రంగా ఉంది. కొత్త మొగ్గ వేసింది.

"నేను నూగన్నప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే ఊఁ అన్నావా?"

"తప్పు నా మీదికి వస్తుందని."

"నీ మొక్కను కడుక్కున్నావు. నన్ను మాత్రం గుడ్డిదాన్ననుకోమన్నావు."

బాబాయి టీ తాగకుండానే పక్కగదిలోకి జారుకున్నాడు.

కాసేపటికి పిన్ని గిన్నెలో సబ్బునీళ్ళు కలిపి, దూది ఉండ తెచ్చి నత్త చేతిలో పెట్టింది. నత్త తను పరిచిన కొమ్మముక్కలన్నీ ఏరి ప్లాస్టిక్ సంచిలో వేసి గట్టిగా మూతి కట్టింది. బాగా పట్టిన రెమ్మలు కత్తిరించి అందులోనే వేసింది. తర్వాత ఒక్కో కణుపూ, ఒక్కో ఆకు అడుగూ తుడుస్తూ కూర్చుంది. లోపల మిషను కదల్లేదు.

చాలాసేపటికి పిన్ని వచ్చి వంగి చూసింది.

"ఆ ముల్లు కింద రెండున్నాయి. వదిలేశావు."

నిజమే, రెండున్నాయి. నత్త తుడిచింది.

"ముందు నీ కళ్ళు చూపించుకో" అని పిన్ని లోపలికి వెళ్ళింది. సంచిలోంచి పెళ్ళిబట్ట తీసిన చప్పుడైంది, ఆ తర్వాత మిషను చప్పుడు.

నత్త తర్వాతి కొమ్మ పట్టుకుంది. పిన్ని మాట్లాడింది, ఎత్తిపొడిచింది కూడా. కానీ నత్తా అని మాత్రం పిలవలేదు.