ఆర్లిస్ కొండ వైన్

ఆ గురువారం పొద్దున్నే ఆర్లిస్ హాగ్లండ్ తోటలోకి వెళ్ళి, పదో వరసలో ఒక ద్రాక్షపండు తుంచి నోట్లో వేసుకుంది. గింజని అరచేతిలోకి ఉమ్మి చూసుకుంది. గోధుమరంగుకి తిరిగింది. పులుపు పళ్ళని జివ్వుమనిపించినా, దాని వెనకే ఆప్రికాట్ వాసన ముక్కుదాకా వచ్చింది. కోతకి ఇదే రోజు. ఇంకా ఆగితే గుత్తి మీద చెయ్యి వేస్తేనే పళ్ళు జలజలా రాలిపోతాయి. లా క్రెసెంట్ అనే ఈ ద్రాక్ష రకం గుణమే అంత. మైనస్ ముప్పై డిగ్రీల చలిని నిలబడి తట్టుకుంటుంది గానీ, పండాక ఆలస్యం చేస్తే ఓర్చుకోదు.

మిన్నెసోటాలో, మిసిసిపీ నది మీదికి వాలిన ఆ కొండవాలులో ద్రాక్ష వేస్తానంటే మొదట్లో చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. నవ్వినట్టే అయింది కూడా. ఆమె పెట్టిన మొదటి తీగలు వెచ్చని దేశం రకం, ఒక్క జనవరికే మొదలంటా చచ్చాయి. మరుసటేడు, విశ్వవిద్యాలయం వాళ్ళు చలికోసమే పుట్టించిన ఈ తెల్ల రకం తెచ్చి నాటింది. పదిహేడేళ్ళ కింది మాట అది. అప్పట్నుంచీ ప్రతి మార్చిలోనూ మోకాటిలోతు మంచులో నిలబడి, వేళ్ళు కొంకర్లు పోతుంటే కొమ్మలు కత్తిరించింది తనే. పండిన పంటంతా మరిది డెల్మర్ వైన్ కార్ఖానాకి పోయేది. డెల్మర్ ఒకప్పుడు ట్రాక్టర్లు అమ్మేవాడు. ఇప్పుడు హైవే పక్కన పెద్ద షెడ్డు వేసి, ముందు ఉయ్యాల కట్టి, ఫొటోలు దిగడానికి పూల చట్రం ఒకటి పెట్టి, లోపల వైన్ అమ్ముతున్నాడు.

ఇంట్లోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. అతనే.

"వదినా, ఇవాళ కొయ్యొద్దు. శనివారం కోద్దాం."

"ఎందుకట?"

"కోతల పండగ పెట్టాను కదా. మినియాపొలిస్ నుంచి అరవైమంది వస్తున్నారు. వాళ్ళొచ్చేసరికి తీగలు బోడిగా ఉంటే ఏం కోస్తారు, నా జుట్టా?"

"అది మాత్రం మిగిలిందా డెల్మర్? ఇలా విను. కింద పొలంలో సోయా కోత మొదలెట్టారు. మిషను చప్పుడు ఇక్కడికి వినపడుతోంది. చేను కోస్తే అందులో పురుగులన్నీ ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడికి?"

"నా నెత్తిమీదికి!"

ఆమె చెప్పేది అక్షింతల పురుగుల గురించి. నారింజరంగు వీపు మీద నల్లచుక్కలతో చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. సోయాలో పేనుబంకని తింటూ వేసవంతా అక్కడే పడుంటాయి. చేను కోయగానే ఆకలితో లేచి, పక్కన ఏ పండు పగిలి ఉంటే అందులో తల దూరుస్తాయి. కదిపితే చాలు, కాళ్ళ కీళ్ళలోంచి పసుపుపచ్చ రసం చిమ్ముతాయి. నల్లిని నలిపితే వచ్చే కంపు, బూజుపట్టిన పచ్చి వేరుశనక్కాయ కంపు కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పళ్ళతోపాటు అవీ నలిగితే ఆ వైన్ ఇక దేనికీ పనికిరాదు.

ఆర్లిస్ మొగుడు లోవెల్ జిల్లా రోడ్ల శాఖలో పనిచేస్తాడు. నోట్లోంచి మాట రావడమే కష్టం. ఆమె రుసరుసలాడుతుంటే కాఫీ తాగుతూ విన్నాడు.

"రెండ్రోజులేగా. అంత ఘోరమేం కాదులే" అన్నాడు.

ఇల్లు కాలిపోతున్నా అతను అనే మాట అదే. ఇంటివాళ్ళతో పేచీ ఎందుకని ఆర్లిస్ ఊరుకుంది. ఆ ఊరుకున్నందుకు తర్వాత తనని తాను చాలాసార్లు తిట్టుకుంది.

శనివారం పొద్దున ఎండ కాసింది. మొదటి గుత్తి కింద చెయ్యి పెట్టి ఎత్తేసరికి గుత్తి కదిలింది. ఆమె కదపలేదు, దానంతటదే కదిలింది. తొక్క పగిలిన ప్రతి పండులోనూ రెండు మూడు పురుగులు, ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి, తలలు లోపలికి దూర్చి చప్పరిస్తున్నాయి. దులిపితే సగం రాలాయి. మిగతావి గుత్తి లోపలికి పాకాయి. వేళ్ళకి పచ్చరసం అంటుకుంది.

పట్నం జనం బస్సు దిగారు. కొత్త బూట్లు, గడ్డి టోపీలు. తెల్ల చొక్కా వేసుకున్న ఒకావిడ గుత్తిలోకి తొంగిచూసి, "అబ్బ, ఎంత ముద్దొస్తున్నాయో!" అంటూ ఒక పురుగుని చేతిమీద ఎక్కించుకుంది. అది కుట్టింది. ఆవిడ కెవ్వుమని దాన్ని చొక్కామీదే నలిపేసింది. మరక చూసుకుని, వేలు వాసన చూసుకుని, మొహం పక్కకి తిప్పేసుకుంది.

"వాసన చూశారా? ఆగండాగండి, కాసేపట్లో అదే తాగిస్తాడు" అని గొణుక్కుంది ఆర్లిస్.

క్రేట్లు షెడ్డుకి చేరాయి. ఆమె ఇంటినుంచి రెండు తొట్లూ, ఒక జల్లెడ బల్లా తెచ్చుకుంది. గుత్తిగుత్తినీ బల్లమీద దులిపి, ఒక్కో పండూ చూసి వెయ్యాలని. నాలుగు గుత్తులు చూసేలోపే డెల్మర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. జనానికి కనిపించేలా నవ్వుతూనే, పళ్ళు బిగించి మాట్లాడాడు.

"వదినా, అరవైమంది గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. నువ్విప్పుడు పేలు చూసినట్టు గుత్తి గుత్తీ చూస్తూ కూచుంటే తెల్లారిపోతుంది."

"తెల్లారనీ."

"ఎన్నుంటాయి, క్రేటుకి గుప్పెడు. పులిశాక అన్నీ అవే సర్దుకుంటాయి."

"గుప్పెడు పురుగులు నీ కాఫీలో వేస్తాను, తాగుతావా?"

అతను వినలేదు. ఆమె చేతిలో క్రేటు లాక్కుని పిండే యంత్రంలో గుమ్మరించాడు. జనం చప్పట్లు కొట్టారు. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. యంత్రం బిగుసుకుంది. చివర గొట్టంలోంచి రసం ధారకట్టింది. పచ్చగా, తేనెలా రావాల్సిన రసం. దాని మీద నురగ తేలింది. ఆ నురగలో నారింజరంగు రెక్కలు, విరిగిన కాళ్ళు, ఇంకా చావక గుండ్రంగా ఈదుతున్న పురుగులు. డెల్మర్ జల్లిగరిటెతో పైపైన తీసి గోడవారకి విసిరాడు. అవి గోడకి అతుక్కుని మెల్లగా కిందికి జారాయి.

ఆర్లిస్ షెడ్డు వెనక్కి వెళ్ళి పొద్దున తిన్నదంతా కక్కుకుంది. మూతి తుడుచుకుని, తొట్లు బండిలో వేసుకుని ఇంటికొచ్చేసింది.

జనవరిలో డెల్మర్ షెడ్డుకి పిలిచి ఆ పంట వైన్ పోసిన గ్లాసు చేతికిచ్చాడు. ఆమె మూతి దాకా తేకుండానే ఆపేసింది. ఆప్రికాట్ వాసన లేదు, పూల వాసన లేదు. నల్లి కంపు. అయినా చూద్దామని ఒక్క గుటక నోట్లో తిప్పి కాలువలో ఉమ్మేసింది. నాలుక వెనక చేదు అతుక్కుపోయింది.

"పారబొయ్యి" అంది.

"పిచ్చా నీకు?" అంటూ అతను మూలనున్న డబ్బాలు చూపించాడు. పంచదార పాకం, ఆప్రికాట్ ఎసెన్స్. "జనానికి కావలసింది తీపి. తియ్యగా ఉంటే గాడిద ఉచ్చైనా తాగుతారు."

"వాళ్ళ సంగతలా ఉంచు. నువ్వు తాగుతావా?"

"నేను అమ్ముతాను వదినా. తాగడం వేరే వాళ్ళ పని."

అంత నిస్సిగ్గుగా చెప్పేసరికి ఆమెకి ఆ మొహం మీద గ్లాసు విసరాలనిపించింది. విసరకుండా బల్లమీద పెట్టి వచ్చేసింది.

ఈస్టర్ ఆదివారం భోజనానికి డెల్మర్ రెండు సీసాలు పట్టుకొచ్చాడు. బల్లమీద కాల్చిన హామ్, పాలమీగడలో ఉడికించిన బంగాళాదుంపలు. సీసా ఆమె ముందు పెట్టి, ఏదో కానుక తెచ్చినట్టు దానిమీది చీటీ ఆమెవైపు తిప్పాడు. దానిమీద గడ్డి టోపీ పెట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ, చెంపలు గుండ్రంగా, నోరు చెవుల దాకా నవ్వుతూ. కింద పెద్ద అక్షరాలతో "ఆర్లిస్ కొండ" అని ఉంది.

ఆమె చెంచా కింద పెట్టేసింది. "ఇదెవరు?"

"నువ్వే! బొమ్మ వేసినవాడికి నీ ఫొటో ఇచ్చాను."

లోవెల్ ఏనాడూ వైన్ ముట్టలేదు. కాఫీ, మహా అయితే బీరు. ఆ రోజు తమ్ముడి సంతోషం కోసం గ్లాసు అందుకుని ఒక గుక్క మింగాడు.  తర్వాత మెల్లగా గ్లాసుని బల్ల చివరికి జరిపాడు.

"ఇదేం కంపురా?"

"నీకు వైన్ సంగతి తెలీదు అన్నయ్యా."

"వైన్ సంగతి తెలీదు. కంపు సంగతి తెలుసు. రోడ్డుమీద చచ్చిన జింకల్ని ఎత్తిపోసే ఉద్యోగం నాది."

ఇరవయ్యేళ్ళలో అతను తమ్ముణ్ణి ఒక్క మాట అనడం ఆర్లిస్ అదే చూడ్డం. డెల్మర్ మొహం ఎర్రబడింది. పెద్దగా నవ్వేశాడు.

"నా పేరు తీసెయ్" అంది ఆర్లిస్.

"రెండువేల సీసాలకి అంటించేశాం. గోకమంటావా?"

"గోకు."

గోకలేదు. మే నెలలో ఒక శనివారం, కోపం పట్టలేక, ఆమె షెడ్డుకి వెళ్ళింది. లోపల జనం కిటకిటలాడుతున్నారు. ప్రతి బల్లమీదా ఆ గడ్డి టోపీ మొహమే నవ్వుతోంది. జనం తాగుతున్నారు, పెదాలు నాకుతున్నారు, ఇంకా పొయ్యమంటున్నారు. ఆర్లిస్ గుమ్మంలోనే ఆగిపోయింది. ఎసెన్స్ వాసన వెనకనుంచి ఆ నల్లి కంపు ఆమెకి స్పష్టంగా తగులుతోంది. ఇంతమందిలో ఒక్క ముక్కూ పనిచెయ్యదా?

ఒక నడివయసావిడ సీసానీ ఆమెనీ మార్చి మార్చి చూసి పరుగున వచ్చింది. "మీరేనా? ఈ ఆర్లిస్ మీరేనా? అయ్యో, నా జన్మలో ఇంత మంచి వైన్ తాగలేదండీ! ఒక్క సంతకం పెట్టరా?"

ఆర్లిస్ ఆవిడ చేతిలో కలం తీసుకోలేదు. "చూడండమ్మా, ఇందులో పురుగులు పిండారు. ద్రాక్షతోపాటు బతికున్న పురుగుల్ని. నేను కళ్ళారా చూశాను."

ఆవిడ పకపకా నవ్వింది. "ఎంత సరదా మనిషండీ మీరు! ఏమర్రా, ఇటు రండి, ఈవిడేమంటున్నారో వినండి!"

స్నేహితురాళ్ళు మూగారు. "పురుగులట!" అని ఒకరికొకరు చెప్పుకుని నవ్వారు. ఒకామె గ్లాసు ఎత్తి, "పురుగుల ఆరోగ్యం కోసం!" అని గటగటా తాగేసింది. డెల్మర్ కౌంటరు వెనకనుంచి వచ్చి ఆర్లిస్ భుజం మీద చెయ్యేశాడు.

"మా వదిన ఇంతే. నవ్వించి చంపుతుంది."

భుజం మీద ఏదో పాకినట్టు ఒళ్ళు జలదరించింది ఆమెకి. ఆ చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని తీసి కిందికి వదిలేసింది.

"ఇక నా తోట పళ్ళు నీకు రావు డెల్మర్. ఒక్క గుత్తి కూడా."

అతను నవ్వు ఆపలేదు. జూన్ కల్లా కొత్త చీటీలు వేయించాడు. పళ్ళు ఎక్కడినుంచో తెప్పించుకుంటాడట. టోపీ అదే, మొహం అదే. పేరు మాత్రం "వదిన కొండ". అది చూసినప్పుడు ఆర్లిస్‌కి కోపం కూడా రాలేదు, అసహ్యం వేసింది. ఆదివారం భోజనాలకి అతన్ని పిలవడం మానేసింది. లోవెల్ ఎందుకని అడగలేదు.

ఆ సెప్టెంబరులో పంటని నది అవతల విస్కాన్సిన్‌లో మార్లా క్రాట్జ్ కొంటానంది. పాత పశువులకొట్టంలో చిన్నగా వైన్ చేసే మనిషి, ముక్కుసూటి మనిషి. ఆర్లిస్ ఈసారి ఎవరి మాటా వినలేదు. గింజ రంగు తిరిగిన రోజే కోత పెట్టింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇద్దరు, లోవెల్, తను. మొదటి రోజు పళ్ళు ముత్యాల్లా వచ్చాయి. రెండో రోజు మధ్యాహ్నానికి కొండ అవతల ఎవరో సోయా కోయడం మొదలెట్టారు. పొరుగువాళ్ళు వెళ్ళిపోయారు. తుంటి నొప్పితో ఆమెకి నిలబడ్డం కష్టమైంది. చివరి రెండు క్రేట్లూ దులపకుండానే నింపింది. కొన్ని నారింజరంగు చుక్కలు పాకడం కంటపడింది. చూసీ చూడనట్టు పైన శుభ్రమైన గుత్తులు పేర్చింది.

క్రేట్లు కొట్టానికి చేరాక, మార్లా ప్రతి క్రేటులోనూ అడుగునుంచి మూడు గుత్తులు లాగి తెల్లదుప్పటి మీద దులుపుతోంది. వరసగా అన్నీ బాగున్నాయి. చివరి రెండింటి దగ్గర దుప్పటి మీద పురుగులు టపటపా రాలాయి. ఆమె వంగి లెక్కపెట్టింది.

"పదకొండు. ఈ రెండూ వద్దు."

"ఏదో చివర్లో తొందరైంది" అంది ఆర్లిస్. "అన్నిట్లో కలిపేస్తే ఎవరికీ తెలీదులే."

మాట బయటికి వచ్చాక గానీ తనేం అందో ఆమెకి తెలియలేదు. మార్లా దుప్పటి మడిచి గడ్డిలో దులపడానికి బయటికి వెళ్ళింది. లోవెల్ తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆర్లిస్ మెడ దగ్గరనుంచి చెవులదాకా వేడెక్కింది. డెల్మర్‌ని ఏడాదిపాటు పురుగుకన్నా హీనంగా చూసింది. అతను కనీసం అందరి ఎదుటా గుమ్మరించాడు. తను మంచి గుత్తులు పైన పేర్చి కప్పిపెట్టింది.

మార్లా తిరిగొచ్చాక, "వచ్చే ఏడు మూడు గుత్తులు చాలవు. ఆరు దులుపు" అంది ఆర్లిస్.

"దులుపుతాను" అంది మార్లా. అంతే.

మిగతా క్రేట్ల వైన్ మరుసటి వసంతానికి శుభ్రంగా వచ్చింది. పులుపు కాస్త ఎక్కువే గానీ, సీసా మూత తియ్యగానే ఆప్రికాట్ వాసన వంటిల్లంతా నిండింది. చీటీ మీద ఎవరి మొహమూ లేదు. మార్లా వద్దన్న ఆ రోజు మాత్రం ఆర్లిస్ ఆ రెండు క్రేట్లూ వెనక్కి తెచ్చుకుంది. "నేను పారబోస్తాలే" అని లోవెల్ చెయ్యి చాపితే ఇవ్వలేదు. తోట చివర ఎరువుగుంట దాకా తనే మోసుకెళ్ళి బోర్లించింది. అడుగున అతుక్కున్నవాటిని వేళ్ళతోనే గోకి తీసింది. పురుగులు చేతులమీద పాకాయి, నలిగాయి, పచ్చరసం గోళ్ళలోకి దూరింది.

ఇంటికొచ్చి సబ్బుతో మూడుసార్లు కడిగింది. ఉప్పుతో రుద్దింది. నిమ్మచెక్కతో రుద్దింది. వాసన చూసుకుంటే ఇంకా ఉంది. ఆ సాయంత్రం రొట్టెముక్కని చేత్తో తినలేక ఫోర్కుకి గుచ్చుకుని తింది.