జ్వరం చూసే మనిషి

పొద్దున ఎనిమిదయ్యేసరికి కొలతల బాబాయ్ బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, మందం కొలిచే మైక్రోమీటర్ పెట్టె తెరిచి, కళ్లద్దాలు తుడుచుకుని కూర్చుంటాడు. ముప్పై ఏళ్లుగా అదే వరస. చక్రాల కుర్చీలకు ఇరుసులు చేసే చిన్న కార్ఖానా అది. లేతు మీద నుంచి దిగిన ప్రతి ఇరుసూ ఆయన సరేనంటేనే పెట్టెలోకి వెళ్తుంది. ఈమధ్య అద్దాలు తుడుచుకోవడం మాత్రం కాస్త ఎక్కువైంది.

పోయిన నెల రెండు పెట్టెలు తిరిగొచ్చాయి, చక్రాలు వదులుగా ఆడుతున్నాయని. యజమానురాలు ఆయన్నేమీ తప్పుపట్టలేదు. చిన్నప్పుడు ఆ షెడ్డంతా ఆయన భుజాల మీద ఊరేగిన మనిషి, ఇప్పుడేమంటుంది? "నీకు తోడుగా ఇంకొకర్ని పెడదాం బాబాయ్" అంది. తోడంటే ఏమిటో ఆయనకి అర్థం కాకపోలేదు.

ఇంటర్వ్యూల రోజున ఆమె పక్కనే కూర్చుని, మొదట వచ్చిన ముగ్గురికీ ఏదో ఒక వంక పెట్టాడు. ఒకడిది మాటల జోరు. ఇంకొకడి చూపంతా కిటికీలోనే. మూడో అతనికి మరీ వినయం.

"వినయం కూడా తప్పేనా?" అంది ఆమె.

"అలాంటివాడు దేనికైనా తలూపుతాడమ్మా. ఈ బల్ల దగ్గర కాదనేవాళ్లు కావాలి."

నాలుగో మనిషి నలభై దాటిన ఆడమనిషి. పంపుల కంపెనీలో పద్దెనిమిదేళ్లు తనిఖీ పని చేసింది. దరఖాస్తులో పని పద్ధతి అన్నచోట 'జ్వరం చూస్తాను' అని రాసింది.

"అరచేత్తోనా, చెయ్యి వెనక్కి తిప్పా?" అడిగింది యజమానురాలు.

"వెనక్కి తిప్పేనండి. అరచెయ్యి కాయలు కాసింది, అంత తెలీదు."

యజమానురాలు అది రాసుకుంది. లోపమున్న వస్తువేదైనా ఆ చేతికి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా వేడిగా తగులుతుంది.

"అక్కడెందుకు మానేశారు?" అన్నాడు బాబాయ్.

"ఒకసారి సరుకు సరుకంతా కాలిపోతోంది సార్. ముద్ర వెయ్యనన్నాను. ఇంకొకరి చేత వేయించి పంపేశారు. ఆ సాయంత్రమే వచ్చేశాను. ఏడు నెలలైంది." నవ్వింది. "ఇంట్లో చేతులు ఊరుకోవు. గరిటెలు కూడా తనిఖీ చేస్తున్నానని మా అమ్మాయి విసుక్కుంటోంది."

బాబాయ్ పన్నెండు ఇరుసులు ఆమె ముందు పెట్టాడు. వాటిలో కావాలని కలిపిన చెడ్డవి రెండు. ఒక్కోదాన్నీ ముట్టుకుంటూ పోయి, ఆ రెండూ పక్కన పెట్టింది. తర్వాత మరో మూడు తీసింది.

"అవి పొద్దున నేనే కొలిచాను. శుభ్రంగా ఉన్నాయి" అన్నాడాయన.

ఆమె మైక్రోమీటర్ అందుకోబోయి, చెయ్యి తగలగానే చటుక్కున వెనక్కి తీసుకుంది. ఆయన మళ్లీ అద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. ఆ అద్దాల వెనక కళ్లు ఆమె ముఖాన్ని పట్టుకోలేక, గొంతు వినిపించిన వైపు తడుముకుంటున్నాయి. ఉన్న మాట చెబితే ఈ పెద్దాయన గతేమిటి? చెప్పకపోతే ఏ కుర్చీలో ఎవరు పడిపోతారో.

"సార్" అంది మెల్లగా, ఆ మైక్రోమీటర్ చూపిస్తూ. "దీనికి ఒళ్లు కాలిపోతోంది. పాపం, చాలా రోజుల్నుంచే. ఒక్కసారి చూస్తారా?"

ఆయన మైక్రోమీటర్‌ని ఖాళీగానే మర బిగించి కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. వెలుగులోకి తిప్పాడు. చాలాసేపటికి యజమానురాలికి అందించాడు.

"నాకు కనబడ్డం లేదమ్మా. నువ్వు చూడు. సున్నా మీదే ఉందా?"

"లేదు బాబాయ్. ఒక గీత పక్కకుంది."

"రెండు నెలల కింద చెయ్యి జారి పడింది. బాగానే ఉందనుకున్నాను." తల వంచుకున్నాడు. "అలా అనుకోవాలనుకున్నాను."

లేచి, గోడ మేకుకి తగిలించిన తన సంచీ తీసుకున్నాడు. "ఈవిడ్ని పెట్టుకో. కాదని చెప్పగల మనిషి. మెత్తగా చెప్పడం కూడా వచ్చు."

"ఆగండి సార్" అంటూ ఆమె అడ్డం వచ్చింది. "జ్వరం ఉందో లేదో, నాకు తెలిసేది అంతే. ఎక్కడ, ఎందుకు అంటే చెప్పలేను. అక్కడ నా మాట ఎవరూ పట్టించుకోనిది అందుకే." చెడ్డ ఇరుసొకటి ఆయన చేతిలో పెట్టింది. "దీనికేమైంది?"

ఆయన చూడనైనా చూడలేదు, బొటనవేలి గోటితో ఒకసారి గీశాడు. "ఈ మెట్టు దగ్గర గరుకుగా లేదూ? రెండో లేతు టూలు మొద్దుబారింది."

"చూశారా! మీరుంటేనే నేను చేరతాను."

యజమానురాలు బాబాయ్ చేతిలోని సంచీ తీసుకుని మళ్లీ మేకుకి తగిలించింది. లారీకెక్కించిన పెట్టెలన్నీ దింపించింది. సాయంత్రం దాకా బాబాయ్, కొత్తావిడ ఎదురెదురుగా కూర్చుని ఏరారు. ఆమె తీసి ఇస్తుంటే ఆయన తడిమి కారణం చెప్పాడు.

వెళ్లేముందు కొత్తావిడ అంది, "సోమవారం నాకు సెలవు కావాలండి. బాబాయ్‌ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

"ఇంకా చేరనేలేదు, అప్పుడే సెలవా?" అంది యజమానురాలు. అంటూనే సెలవు చీటీ రాసిచ్చింది.

శుక్లాలు తీయించుకున్న మూడు వారాలకి బాబాయ్ తిరిగొచ్చాడు. బల్ల దగ్గరికి పోకుండా యజమానురాలి ముందు నిలబడి ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"నీకు తెల్లవెంట్రుకలెప్పుడొచ్చాయమ్మా?"

"మూడేళ్లయింది బాబాయ్" అందామె.