చీర రెండో కొస

"రాసెయ్యవే, చేపల్లేవని," అంది గీతిక, కల్వర్టు గోడ మీద కూర్చుని కాళ్లూపుతూ.

స్కెచ్ పెన్ను నా చేతిలోనే ఉంది. రాయలేదు.

బంద్‌ల వల్ల వాయిదా పడుతూ వచ్చిన సైన్స్ ఫెయిర్ సోమవారం. మల్లాపూర్ ఫ్యాక్టరీ షెడ్ల నీళ్లు కలిసే చోటుకి పైనా, కిందా ఈ వాగులో ఏ చేపలు బతుకుతున్నాయో చూడటం మా ముగ్గురి ప్రాజెక్టు. స్టేజీ మీద చదవాల్సింది నేను. ఊరి బడి నుంచి వచ్చిన పిల్ల చెబితే బాగుంటుందని ఉమామహేశ్వర్ సారు నిర్ణయించారు. హాజరు పలకడానికే నా గొంతు పెగలదు. మొదటిసారి మైకు పట్టుకుని అబద్ధం చదవాలా?

సారు ఒకటే చెప్పారు. ఏ పద్ధతైనా ఎంచుకోండి, రెండు చోట్లా అదే వాడండి. పొద్దున పైన నాగచైతన్య విసురువల వేస్తే రాళ్లకు చిక్కుకుంది. అప్పుడు నేను మా ఊళ్లో పట్టినట్టు అమ్మ పాత చీర తీశాను. నేనూ గీతికా చెరో కొస పట్టుకుని వాగుకు అడ్డంగా నిలబడ్డాం. చైతన్య ఒడ్డు గడ్డిని తొక్కుతూ, చేపల్ని మా వైపు తోలుకుంటూ వచ్చాడు. చీర ఎత్తితే పరకలు, జెల్లలు, బొమ్మె పిల్లలు! చూసుకుని మళ్లీ వదిలేశాం. ఇదే మన పద్ధతి అనుకున్నాం.

ఇక్కడ, షెడ్లకు దిగువన, నీళ్లు నల్లగా ఉన్నాయి, కంపు కొడుతున్నాయి. అంతే, వీళ్లిద్దరూ చీర సంగతి మర్చిపోయారు. చైతన్య కల్వర్టు మీంచే వల ఒకసారి విసిరి, ఖాళీగా లాగాడు. ఆ వల కన్నుల్లో నా వేలు దూరుతుంది.

"గడ్డి కింద సూడకుండ లేవని ఎట్ల రాస్తం?" అన్నాను.

"అబ్బో, మేడమ్‌కి మాటలొచ్చాయి!" అన్నాడు చైతన్య.

"లేవంటేనే ప్రైజొస్తుంది గౌతమీ. ఫ్యాక్టరీలంటే నీకెందుకంత ప్రేమ?" అంది గీతిక.

ఒళ్లు మండింది. ప్రేమా? మా నాయన ఆ షెడ్లలోనే రంగు డ్రమ్ములు కడిగి, ఇంటికొచ్చి దగ్గుతాడు. ఆ నీళ్లను తిట్టాలన్న కసి వీళ్లకంటే నాకే ఎక్కువ. కానీ రేపు ఎవడో వచ్చి ఇక్కడ ఒక్క చేపను పట్టి చూపిస్తే, మా మాట ఇంకెవరు నమ్ముతారు?

పెన్ను విసిరికొట్టి దిగాను. చీర ఒక కొస కల్వర్టు చువ్వకు కట్టి, రెండోది పట్టుకుని, గడ్డి నేనే తొక్కాను. ఎత్తితే బురదలో బొమ్మె పిల్లలు కొట్టుకుంటున్నాయి. పైకొచ్చి గాలి మింగి బతికే చేపలవి. ఒక్క పరక లేదు, ఒక్క జెల్ల లేదు.

"సూడున్రి! గాలి మింగేటియి తప్ప అన్ని సచ్చినయ్. గిది రాయాలె!" అని అరిచాను.

గీతిక వంగి చూసింది. "పైన ఇద్దరం పట్టాం, వీడు తొక్కాడు. ఇక్కడ నువ్వొక్కదానివే. ఇదీ అదే పద్ధతి కాదుగా? నువ్వు మారిస్తే ఒప్పా?"

చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆమె అన్నది నిజం. నిజం కాబట్టే ఇంకా మండింది.

చువ్వకున్న ముడి విప్పి, తడి కొసను పైకి విసిరాను. అది ఆమె తెల్ల బూట్ల మీద పడింది.

"అయితే దిగు. మస్తు జెప్తున్నవ్ గద, పట్టు. నువ్వు గూడ రా చైతన్యా, తొక్కు."

"నా బూట్లు పాడవుతాయే!"

"ఇప్పు."

తిట్టుకుంటూ లేసులు విప్పింది. ముక్కు మూసుకుని నల్లనీళ్లలో కాలు పెట్టింది.

"నిన్ను చంపేస్తానే, గౌతమీ."

"సంపుదువు గని, ముందు కొస గట్టిగ పట్టు," అన్నాను.