గీత పడని సామాను

ఇనప సామాను దుకాణం నడిపే ఆయన్ని వీధిలో అందరూ స్టాకు బాబాయి అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఆయన లెక్క ఒక్కటే. అల్మరా నిండుగా ఉంటే లాభం, ఖాళీగా కనిపిస్తే దిగులు.

ఆయన అక్కయ్య నడిపే సేవాసంఘానికి గ్రాంటు వచ్చినప్పుడు ఆవిడ సామాను గది తాళంచెవి తమ్ముడికి అప్పగించింది. నడవలేనివాళ్ళకి వాడుకుని తిరిగిచ్చేలా ఉచితంగా ఇవ్వడానికి కొన్న చక్రాల కుర్చీలు, చంకకర్రలు, వాకర్లు ఆ గదిలో ఉన్నాయి. ఇంటింటికీ వెళ్ళి వ్యాయామం చేయించే నర్సమ్మకి జీతం కూడా ఆ గ్రాంటులోదే. కాలు విరిగి మంచం పట్టిన, సంఘానికి ఎదురింట్లోని టైలరు, నర్సమ్మ చలవవల్ల ఈమధ్యే గోడ పట్టుకుని నిలబడుతున్నాడు.

ఆర్నెల్ల తర్వాత ఒక మధ్యాహ్నం అక్కయ్య గది తలుపు తీయించింది. సామానంతా ప్లాస్టిక్ కవర్లలో తళతళలాడుతోంది.

"చూశావా అక్కయ్యా, ఒక్క గీత పడలేదు!"

"ఎవరికీ ఇవ్వలేదా ఏంట్రా?"

"అడిగారు. టైలరు భార్యయితే నాలుగుసార్లొచ్చింది. ఇచ్చేస్తే గది బోసిపోదూ? కొత్త సరుకొచ్చాక రమ్మన్నా. అడిగినవాళ్ళ పేర్లన్నీ పుస్తకంలో రాసుంచాగా!"

అక్కయ్య గుమ్మంలోనే కూలబడింది. "నీ తెలివి తగలెయ్య! నాలుగింటికి గ్రాంటు మేడమ్ తనిఖీకి వస్తోంది. సామాను వాడకంలో లేకపోతే గ్రాంటు రద్దు. నర్సమ్మ రేపట్నుంచి రాదు. ఆ టైలరు మళ్ళీ మంచమెక్కుతాడు."

టైలరు మంచమెక్కితే తను కుట్టమని ఇచ్చిన చొక్కాగుడ్డ కూడా మంచమెక్కినట్టే. బాబాయికి ముందు ఆ లెక్క తట్టింది. ఆ వెనకే నాలుగుసార్లు గుమ్మందాకా వచ్చి వెళ్ళిన టైలరు భార్య మొహం గుర్తొచ్చింది. గడియారం చూశాడు. రెండయింది.

తోపుడుబండి నిండా సామాను వేసుకుని, పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరాడు. మొదటి గుమ్మంలోనే బేరం బెడిసింది.

"చూడండి పిన్నిగారూ, ఈ బ్రేకు చూడండి, ఈ సీటు మెత్తదనం చూడండి!"

"ఎంతేమిటి?"

"ఊరికే."

"ఊరికేనా? అయితే ఏదో లోపముంది. మొన్న గది బోసిపోతుందన్నావుగా?"

"ఇప్పుడు బోసిపోవాలి పిన్నీ, మీ కాళ్ళు పట్టుకుంటా!"

పిన్ని నమ్మేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత మాత్రం ఆయన్ని ఆపేవాళ్ళు లేకపోయారు. టైలరు ఇంట్లో రెండు చంకకర్రలు విసిరినట్టు పెట్టి పరుగెత్తాడు. మూడున్నరకి పుస్తకంలో పేర్లయిపోయాయి గానీ చేతి ఊపు తగ్గలేదు. అదే గదిలో ఉన్న సంఘం ఆఫీసు బల్ల, బెంచీ, చివరికి అల్మరా కూడా ఎవరెవరికో అంటగట్టాడు.

నాలుగింటికి మేడమ్ వచ్చేసరికి నాలుగు గోడలూ అక్కా తమ్ముడూ మిగిలారు.

"ఆఫీసెక్కడండీ?"

"వాడకంలో ఉందమ్మా," అన్నాడు బాబాయి.

మేడమ్ పుస్తకంలో పేర్లు తిరగేసింది. "ఇవన్నీ ఎప్పుడిచ్చారు?"

బాబాయి లెక్కలో ఒక అబద్ధానికి ఇంకో రెండు జతపడతాయి, అవన్నీ గుర్తుపెట్టుకోవడం గిట్టుబాటు కాదు. "ఆర్నెల్లు దాచానమ్మా. ఇవాళ రెండింటికి బుద్ధొచ్చింది."

మేడమ్ ఫైలు మూసింది. అక్కయ్య కళ్ళు మూసుకుంది.

మెట్ల మీద టకటకమని చప్పుడైంది. చెమటలు కక్కుతూ టైలరు లోపలికొచ్చాడు. వెనకాలే అతని భార్య, "మెల్లిగా, మెల్లిగా! పొద్దుటిదాకా గోడ వదలని మనిషి వీధి దాటొచ్చేశారు" అంటూ నవ్వుతూ ఏడుస్తోంది.

"ఏమయ్యా బాబాయీ! ఒక కర్ర పొడుగు, ఒకటి పొట్టి! నేను మనిషిననుకున్నావా, ఒరిగిపోయిన కరెంటు స్తంభాన్ననుకున్నావా?"

"కంగారులో రెండు జతలు కలిసిపోయాయిరా!"

మేడమ్ అతన్ని ఎగాదిగా చూసింది. "వీధి దాటి ఎవర్నీ పట్టుకోకుండా నడిచొచ్చారా?"

"ఇతన్ని తిట్టడానికి ఊరవతలిదాకా అయినా నడుస్తానండీ!"

మేడమ్ నవ్వాపుకోలేక ఫైలు తెరిచింది. కాగితం పెట్టుకోవడానికి చుట్టూ చూసింది. ఏమీ లేదు.

"కాస్త వంగండి," అంది బాబాయితో.

ఆయన వీపు మీద కాగితం పరిచి, మరో ఏడాదికి గ్రాంటు మంజూరని రాయసాగింది. బాబాయి చక్కిలిగింతలకి మెలికలు తిరిగాడు.

"కదలకండి, రాత పాడవుతుంది."

"గట్టిగా నొక్కి రాయండి మేడమ్," అన్నాడు టైలరు, పొట్టి కర్రవైపు ఒరిగిపోతూ.