తాడుకు అవతలి చీర

మా ఆయన సోమలింగానికి వారానికి ఒక్క రోజే సెలవు. ఆ రోజు కూడా పడుకోనివ్వకుండా మ్యూజియం చూపించమని మా కూతురు సింధూజ వెంటపడింది. వాళ్ల క్లాసులో అందరూ చూశారట. నాకైతే పాత కత్తులూ కుండలూ చూడాలన్న సరదా ఏమీ లేదు. అయినా మేముండే డిండోలి నుంచి ఆటోలు మారి తాపీ నది పక్కనున్న ఆ మ్యూజియానికి పోయాం.

పై అంతస్తులో ఒక పాత జరీ చీరను పరిచి పెట్టి, ముందు తాడు కట్టారు. అంచు దగ్గర ఒక పోగు తెగి వేలాడుతోంది. మా ఆయన ఇన్నేళ్లు మగ్గాల కార్ఖానాలో పనిచేసిన మనిషాయె, తెగిన పోగు కంటపడితే చెయ్యి ఊరుకోదు. నేను చొక్కా పట్టి లాగేలోపే తాడు మీద నుంచి వంగి ముడి వేసేశాడు.

కాపలావాడు వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

తను పాడు చేయలేదనీ, ముడే వేశాననీ ఆయన వచ్చీరాని హిందీలో చెప్పబోయాడు. పగలంతా మగ్గాల మోతలో బతికే మనిషికి మెల్లగా మాట్లాడటం ఎక్కడ వస్తుంది? వినేవాళ్లకు అది కొట్లాటలాగే ఉంది. అరవొద్దన్నాడు కాపలావాడు. అది సరిగ్గా వినపడక ఈయన ఇంకా గట్టిగా చెప్పాడు. మరో ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. చుట్టూ ఉన్నవాళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. పోలీసులకు ఫోన్ చేయాలా అని ఎవరో అడిగారు.

స్టేషన్‌లో కూడా ఇదే గొంతుతో మాట్లాడితే దెబ్బలు తినక తప్పదు. నోరు మూసుకోమని సైగ చేశాను. చూస్తేగా మహానుభావుడు!

ఇంతలో అక్కడి అధికారి, ఒక పెద్దావిడ, వచ్చింది. మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, ఆయన మీ నాన్నేనా అని సింధూజను గుజరాతీలో అడిగింది. సింధూజ నా వెనక్కి నక్కి, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

మా ఆయనేనని నేను గబగబా చెప్పాను. కానీ ఆయన అప్పటికే బిడ్డను చూశాడు. ఉన్నట్టుండి మాట ఆపేశాడు.

ఆవిడ చీర దగ్గరికి పోయి ముడి చూసింది. ఇంకెప్పుడూ ముట్టుకోవద్దని చెప్పి మమ్మల్ని పొమ్మంది. నేను ఆవిడకు దండం పెట్టాను.

తిరుగు ఆటోలో సింధూజ నా ఒడిలో తలపెట్టి, తననూ పట్టుకుపోతారనుకున్నానని ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి జరిగితే గానీ మాట వినపడలేదు. పెళ్లయినప్పటి నుంచి అంత చిన్న గొంతు నేను ఎరగను.

"బిడ్డ పోలీసోళ్లకు భయపడ్డదా, నాకా?"

పోలీసులకేనన్నాను. ఆటో చప్పుడులో ఆయనకు వినిపించలేదు. ఆ మాటే మళ్లీ గట్టిగా చెబుదామంటే నాకు గొంతు పెగల్లేదు.