నవ్వు షాట్

నేను ఒక విగ్గును. నన్ను మీరు చూసే ఉంటారు. చూసి కళ్లు మూసుకుని ఉంటారు. తెరమీద ఒక చిన్నపిల్ల ముఖాన్ని కప్పేసి, మోకాళ్ల దాకా వేలాడుతూ, మేడమెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చే నల్లటి జుట్టు ఉంటుంది చూశారూ, అది నేనే. మీరు కేకపెట్టి పక్కవాళ్ల చెయ్యి రక్కేసింది నన్ను చూసే. ఆ పక్కవాళ్లు మీవాళ్లే అయితే మంచిదే.

నా పుట్టుక మాత్రం చాలా పవిత్రమైనది. నవ్వకండి. ఒక కొండమీద దేవుడికి ఎవరో తల్లి మొక్కుకుని తలనీలాలు ఇచ్చింది. ఆమె పేరు నాకు తెలియదు. మంగలి నీళ్లు చల్లి కత్తి పెడుతుంటే కళ్లు మూసుకుని ఏదో గొణిగింది. కత్తి గరగరల్లో నాకు ‘నా బిడ్డ’ అన్నంతవరకే వినబడింది. తర్వాత నన్ను బస్తాలోకి ఎత్తారు. ఏలూరు దగ్గర ఒక రేకుల షెడ్డులో ఆడవాళ్లు నన్ను ఉతికి, ఎండబెట్టి, ఇనప పళ్ల మీద దువ్వి, పేలు ఏరి (ఆ అవమానం ఇప్పటికీ మరువలేను), వలగుడ్డకు పోగు పోగుగా కుట్టారు. దేవుడికి ఇచ్చిన జుట్టు దెయ్యం నెత్తికి ఎలా ఎక్కిందని మీరు అడగొచ్చు. మధ్యలో ఉన్నది మనుషులు కదండీ.

మొదట నన్ను కొన్నది ఒక నాటక సమాజం. అక్కడ ద్రౌపది వేషం కట్టే భీమలింగం గారి నెత్తిన ఉండేదాన్ని. దుశ్శాసనుడి నెత్తురు అంటితే తప్ప జుట్టు ముడవనని ఆయన గొంతు చించుకుని శపథం చేసేవాడు. తెర పడగానే నన్ను మెడచుట్టూ చుట్టుకుని బీడీ వెలిగించేవాడు. నా ఎడమవైపు కొసలు మాడింది ఆ శపథాల మధ్యనే. జనం నాటకాలు చూడటం మానేశాక సమాజం మూతపడింది, నేను హైదరాబాదు కృష్ణానగర్‌లో విగ్గులు అద్దెకిచ్చే కొట్టుకు చేరాను. నారదుడి పిలకకూ ఎవరో రాజుగారి గిరజాలకూ మధ్య వేలాడుతూ ఉండగా సినిమావాళ్లు వచ్చారు.

దర్శకుడి పేరు నిరంజన్. తాను తీసేది దెయ్యం సినిమా కాదనీ, సైకలాజికల్ అనీ కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు. తల్లి చచ్చిపోయిన ఒక పాప అద్దంలో తల్లితో మాట్లాడుతూ ఉంటుంది. డాక్టరు జబ్బు అంటాడు, మంత్రగాడు దెయ్యం అంటాడు. ఏది నిజమో చివరిదాకా తేలదు.

“సైకలాజికల్ అయితే అయిందిగానీ, ఇంతకీ దెయ్యం ఉన్నట్టా లేనట్టా?” అని అడిగాడు నిర్మాత.

“ఆ సందేహమే సార్ మన సినిమా.”

“సందేహానికి టికెట్టు ఎవడు కొంటాడయ్యా? దెయ్యాన్ని పెట్టు!”

అలా నాకు ఉద్యోగం దొరికింది.

పాప వేషానికి ఎందరో పిల్లల్ని పిలిచారు. కెమెరా చూడగానే అందరూ పళ్లు ఇకిలించారు. ప్రణమ్య అనే పిల్ల మాత్రం నవ్వలేదు. పేరడిగితే చెప్పింది, చాక్లెట్టు ఇస్తే పుచ్చుకుంది, కోతిచేష్టలు చేసి చూపిస్తే మర్యాదగా చూసింది. నవ్వు మాత్రం లేదు. నిరంజన్ ఎగిరి గంతేసి, “ఈ ముఖం వజ్రం!” అన్నాడు. ఆ పిల్ల ఎందుకు నవ్వదో అడగాలని ఆయనకు తోచలేదు. సైకలాజికల్ సినిమా తీసేవాడు మరి.

ప్రణమ్య తండ్రి రవిశేఖర్ నెమ్మదైన మనిషి. భార్య పోయి ఏడాది కావస్తోంది. నలుగురిలో పడితే పిల్ల కాస్త కోలుకుంటుందని, ఎదురింటివాళ్ల మాట విని తీసుకొచ్చాడు. తల్లి పోయిన పిల్లను తల్లి పోయిన పిల్ల వేషం వెయ్యడానికి తెచ్చానని ఆయనకు తెలిసేసరికి సంతకాలు అయిపోయాయి.

షూటింగు ఒక పాత బంగళాలో. పట్టపగలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టి అర్ధరాత్రి చేసేశారు. హెయిర్ డ్రెస్సర్ నూకరత్నం, తునివైపు మనిషి, నన్ను రోజూ ఆ చిన్న తలకు పిన్నులతో బిగించేది. ఎన్నో తలలెక్కాను గానీ అంత కదలకుండా కూర్చునే తల ఎరగను. అన్నం తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. నాకే భయమేసింది. దెయ్యం జుట్టునై ఉండి భయపడటం సిగ్గుచేటే, ఏం చెయ్యను!

ఆఖరి రోజు చావు సీను. మంత్రగాడు వేపరొట్టతో కొడుతుంటే పాప ముగ్గులో పడి ప్రాణం విడవాలి. ప్రణమ్య ఒక్క టేకులో పడిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక షూటింగు ముగిసిందని గుమ్మడికాయ కొట్టి సామాన్లు సర్దుకోవడమే.

“ఆగండాగండి, నవ్వు షాట్ తియ్యలేదు!” అని అరిచాడు కెమెరామన్.

మీకు తెలియకపోవచ్చు, సినిమావాళ్లకు ఒక పట్టింపు ఉంది. తెరమీద చచ్చిన మనిషి వెంటనే కెమెరాలోకి చూసి నవ్వాలి. నవ్వకపోతే అరిష్టం. ఆ ముక్క సినిమాలో రాదు, దేవుడి లెక్కలోకి మాత్రం వస్తుంది. ఎంత చదువుకున్న దర్శకుడైనా ఈ ఒక్కచోట సైన్సు పక్కన పెట్టేస్తాడు.

“నవ్వమ్మా బంగారం,” అన్నాడు నిరంజన్.

పిల్ల తల అడ్డంగా ఊపింది. బతిమాలారు, చక్కిలిగింతలు పెట్టారు. నిర్మాత స్వయంగా కుప్పిగంతులు వేశాడు. గుమ్మడికాయ పట్టుకున్నవాడికి చేతులు పీకుతున్నాయి. పిల్ల నన్ను తలమీంచి లాగి ఒళ్లో పెట్టుకుని, ముగ్గు మధ్యలో అలాగే కూర్చుంది. దర్శకుడి గొంతు లేచేసరికి రవిశేఖర్ లేచి, “దాన్ని వదిలెయ్యండి సార్, ఏడాదిగా ఇంతే,” అన్నాడు. ఆ మాట అంటూ ఆయన తల వంచుకున్నాడు. ఈ ఏడాదీ ఆయన ఎదురుచూసిందీ ఆ నవ్వు కోసమే.

నూకరత్నం వెళ్లి పక్కన చతికిలబడింది.

“ఏటమ్మా, ఎందుకు నవ్వవు?”

“నవ్వకూడదు. అమ్మ పోయిన రోజు నేను టీవీ చూసి నవ్వుతున్నా. అప్పుడే ఫోనొచ్చింది. అత్త వచ్చి, ‘అమ్మ పోయిన పూట నవ్వుతావుటే, నోరు మూయ్’ అంది.”

ఆ అత్త భ్రమరాంబ, రవిశేఖర్ అక్క. చెడ్డదేం కాదు. దుఃఖంలో నోటికొచ్చింది అనేసి మరిచిపోయింది. పిల్ల మరిచిపోలేదు.

“అదింటికాడమ్మా. ఇక్కడ అలాక్కాదు. చచ్చిపోయినోళ్లు నవ్వాల. నవ్వితేనే మళ్లీ బతికినట్టు లెక్క,” అంది నూకరత్నం.

ప్రణమ్య ఒళ్లో ఉన్న నా కొసలు వేలికి చుట్టుకుంది.

“మరి మా అమ్మను ఎవరూ నవ్వించలేదేం?”

నూకరత్నం పిన్నుల డబ్బా మూత తీసి మళ్లీ పెట్టింది. దానికి జవాబు చెప్పడానికి నాకు నోరే లేదు గనక బతికిపోయాను.

అప్పుడు మంత్రగాడి వేషంలో ఉన్న బలరామరాజు భోరుమన్నాడు. ఆరడుగుల మనిషి, కళ్లకింద కాటుక, కడుపుదాకా గడ్డం. పిల్ల పక్కన కూలబడి, ముక్కు తుడుచుకోవడానికి చేతికందినదాన్ని లాక్కున్నాడు. అది తువ్వాలు కాదు, నేను. ఆయన నాలోకి శక్తికొద్దీ చీదాడు. భీమలింగం గారి బీడీ ఎంతో నయమనిపించింది. అంతటితో పోయిందా! చెమటకూ కన్నీళ్లకూ గడ్డం అంటించిన బంక కరిగి, నేను ఆయన మూతికి అతుక్కుపోయాను. లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. నాతోపాటు సగం గడ్డం, ఒక మీసం ఊడి వచ్చాయి. “ఓరి దీని దుంపతెగ!” అన్నాడు ఏడుస్తూనే.

ప్రణమ్య నవ్వింది.

ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత ఆగలేదు. ఊడిన ముందుపళ్ల సందులోంచి, బూడిద పూసిన ముఖంతో, పడీ పడీ నవ్వింది. కెమెరామన్ గబుక్కున స్విచ్చి నొక్కాడు. గుమ్మడికాయ పగిలింది. ఆ నవ్వు కాస్తా ఏడుపైంది, తండ్రి వచ్చి ఎత్తుకున్నాడు. ఆ ఏడుపు ఎవరూ తీయలేదు. అది లేకపోతే అరిష్టం లేదు కదా.

తర్వాత జరిగింది సినిమావాళ్లు మాత్రమే చేయగల పొరపాటు. ఆఖర్న ఉన్న ఆ ముక్కను చూసి ఎడిటరు, ఇది దర్శకుడి ఘనకార్యం అనుకుని క్లైమాక్సులో అతికించాడు. నిరంజన్ చూశాడు, బిత్తరపోయాడు, తేరుకుని, “నేననుకున్నదే ఇది,” అన్నాడు.

సినిమా విడుదలైన మొదటి ఆటకు ప్రచారంవాళ్లు నన్ను ఒక బక్కమనిషి నెత్తిన పెట్టి, చీకట్లో జనాన్ని జడిపించమని హాల్లోకి వదిలారు. పాకుతూ పాకుతూ ఒక వరస దగ్గరకు వెళ్లేసరికి అక్కడ ప్రణమ్య, రవిశేఖర్, భ్రమరాంబ కూర్చుని ఉన్నారు. సరిగ్గా అప్పుడే తెరమీద చచ్చిపోయిన పాప కళ్లు తెరిచి నవ్వింది.

హాలు దద్దరిల్లింది. మీసాలున్న మగవాళ్లు సీట్ల కిందికి దూరారు. పాప్‌కార్న్ గాల్లోకి లేచింది. భ్రమరాంబ కొంగు ముఖాన కప్పుకుని, “ఒరే శేఖరం! ఆ నవ్వు ఆపమనరా! దాని నోరు ముయ్యమనరా ఎవరన్నా!” అని కేకలు పెట్టింది.

ఆ మాట వినగానే ప్రణమ్య చెయ్యి తన నోటిమీదికి పోయింది. నా గుండె జారింది. నాకు గుండె లేదని తెలుసు, అయినా జారింది.

రవిశేఖర్ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. “ఎందుకు ముయ్యాలక్కా? నవ్వనీ. ఎన్నాళ్లయింది!”

“అత్తా, దెయ్యం కాదు. నేనే,” అంది పిల్ల.

భ్రమరాంబ కొంగు దించింది. తెరవైపు చూసింది, పిల్లవైపు చూసింది, మళ్లీ తెరవైపు చూసింది.

“ఓసి నా తల్లీ,” అంది. “అచ్చం మీ అమ్మ నవ్వేనే!”

ప్రణమ్య నవ్వింది, తెరమీద కంటే గట్టిగా. చీకట్లో పక్కనే ఆ నవ్వు వినబడేసరికి నా కింద ఉన్న బక్కమనిషి ‘బాబోయ్’ అని గేటువైపు పరిగెత్తాడు. నేను జారి ఆ పిల్ల కాళ్ల దగ్గర పడ్డాను. సినిమా అయ్యేదాకా ముగ్గురూ నవ్వుతూనే ఉన్నారు. చుట్టుపక్కలవాళ్లు వాళ్లకేదో పట్టిందనుకుని లేచి వేరే సీట్లకు పోయారు.

ఇప్పుడు మళ్లీ కొట్టులో నారదుడి పిలక పక్కనే ఉన్నాను. బంక పూర్తిగా వదల్లేదు. ఎవరైనా అద్దెకు అడిగితే, “పెద్ద సినిమాలో చేసిన దెయ్యం ఇది,” అని కొట్టువాడు రేటు పెంచుతాడు. నాకు పనిలేనప్పుడు కొండమీది ఆ తల్లి గుర్తొస్తుంది. ఆమె బిడ్డ సంగతి నాకు తెలియదు, చల్లగా ఉన్నాడనే అనుకుంటాను. అమ్మా, నీ జుట్టు దేవుడి దగ్గర ఆగలేదు గానీ, దారి మాత్రం తప్పలేదు. ఒక బిడ్డ దగ్గరికే వెళ్లింది.