ఆముదం వాసన

ప్రొద్దుటూరులో గ్యాస్ వెల్డింగు చేసేవాణ్ని. ఆక్సిజన్ అంటే నాకు భయం. కాగిన ఇనుప రేకును అది ఎలా కోసి పారేస్తుందో రోజూ చూసేవాణ్ని మరి. అదే గాలిని నా భార్య జైబున్నీసా కాలికి పట్టిస్తానన్నాడు జమ్మలమడుగు డాక్టరు ఆదినారాయణ.

ఆమెకు చక్కెర జబ్బు. పాదం మీద పుండు మానడం లేదు, బొటనవేలు నల్లబడింది. విదేశీ పత్రికలో బొమ్మ చూసి, మోకాలి దాకా కాలు పట్టే ఇనుప డబ్బా డాక్టరు నా చేతనే చేయించాడు. అందులోకి ఆక్సిజన్ ఒత్తిడితో ఎక్కిస్తే పుండు మానవచ్చట. మానకపోతే కాలు తీసేయాలి.

"ఇనుముకు తుప్పు పట్టించేదీ ఈ గాలే రసూల్. ఎక్కువైతే కండనూ చెడగొడుతుంది. చక్కెర జబ్బు ఒళ్లు దాన్ని తట్టుకోవడం ఇంకా కష్టం. అందుకే కొంచెంసేపే పెడదాం," అన్నాడు. ధైర్యం చెప్పడం ఆయనకు చేతకాదు.

"కాలికి నూనె పూయలేదు గదమ్మా?" అని జైబును అడిగాడు. లేదని తల ఊపింది. నూనె తగిలితే ఈ గాలికి భగ్గున అంటుకుంటుందని డాక్టరుకూ నాకూ తెలుసు. ఆమెకు మాత్రం ఎవరమూ చెప్పలేదు.

కాలు డబ్బాలో పెట్టి రబ్బరు బిగించాం. డాక్టరు సిలిండరు తిప్పాడు, గాలి బుస్సుమంది. జైబు భయపడి నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతి నుంచి ఆముదం వాసన వచ్చింది.

"ఆపండి సార్," అన్నాను. నేనే పోయి సిలిండరు కట్టేశాను. డబ్బా మరలు విప్పాను. కాలు బయటికి తీసి చూస్తే, కట్టు కింద అంతా నూనె.

"ఏంది జైబూ ఇది?"

ఆమె ఏడ్చేసింది. "నీ చేతులు గ్యాసుకు కాలినప్పుడల్లా నేను ఆముదమే గదా పూస్తాండేది. డబ్బాలో నా కాలు కూడా కాల్తాదేమోనని ముందే పూసుకున్యా. చెప్తే వైద్యం చెయ్యరేమోనని శానా భయమేసింది."

నేను డబ్బానూ రబ్బరునూ కడిగి, నేల మీద కూర్చుని సబ్బుతో ఆ కాలు కడిగాను. జిడ్డు పోయిందో లేదో వాసన చూశాను, మళ్లీ కడిగాను. నల్లబడిన వేలు చల్లగా తగిలింది.

"ఇయ్యాల వద్దులే. ఇంటికి పోదాం," అన్నాను.

"ఇంటికి పోతే కాలు ఉంటాదా?" అంది. చెయ్యి కూడా కడుక్కుని, కాలు తనే డబ్బాలో పెట్టింది. "ఈసారి నువ్వే తిప్పు."

డాక్టరు పక్కకు జరిగాడు. నేను చేతులు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, రబ్బరు బిగించి సిలిండరు తిప్పాను. ఆమె నా ముఖం చూస్తోంది. నేను మాత్రం గాలి ఎక్కుతున్నంతసేపూ ఆ డబ్బా మీంచి చూపు తిప్పలేదు.